నీళ్ళు పోసే వేళ

పట్నంలో ఆడది అరగంట ఊరికే కూర్చుంటే ఇంటిల్లిపాదికీ కంగారే. "ఒంట్లో బాగాలేదా?" అంటారు మా వారు. "కోపం వచ్చిందా అమ్మా?" అంటారు పిల్లలు. అదే చెంబుడు నీళ్ళు పట్టుకుని బాల్కనీలో మొక్కల దగ్గర నిలబడండి, ఒక్కరూ పలకరించరు. పని చేసుకుంటోంది కదా!

మన ఆడవాళ్ళకు ఏకాంతం ఎప్పుడూ పని పేరు చెప్పుకునే దొరికింది లెండి. ఋషులకు అడవులుండేవి. మన అమ్మమ్మలకు పెరడూ, నూతి గట్టూ, తులసికోటా ఉండేవి. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళకు వీటికి తోడు రేవు.

రేవు అనగానే నాకు రాజ్యలక్ష్మమ్మ గారు గుర్తుకొస్తారు. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు, వెలికి భయపడి వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ మానేశారు. భర్త ఉపన్యాసాలివ్వగలరు గానీ అన్నం వార్చలేరు కదా! ఆవిడే గోదావరికి వెళ్ళి నీళ్ళు మోసుకొచ్చి అందరికీ వండిపెట్టారు. రేవు దాకా ఒక్కతే నడిచిన ఆ నడకను ఏకాంతం అనడానికి నాకు నోరు రాదు. ఊరు మాట్లాడడం మానేస్తే వచ్చే నిశ్శబ్దం అది. తరవాతి కాలంలో వీరేశలింగం గారు ఊరి బయట తోట వేశారు. 1910లో కన్నుమూసిన రాజ్యలక్ష్మమ్మ గారి సమాధి ఆ తోటలోనే ఉంది.

ఇప్పుడు మనకు తోటలెక్కడివి? పెరళ్ళన్నీ అపార్టుమెంట్లయ్యాయి. తులసమ్మ కూడా మూడో అంతస్తు ఎక్కి కుండీలో కూర్చుంది. ఆ కుండీ వెనక పెద్ద కథే ఉంది.

1847లో మొదలుపెట్టి 1852కల్లా కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు. అక్కణ్ణించి బయల్దేరిన తూర్పు డెల్టా కాలవ కడియం మీదుగా పోతుంది. ఏడాదిలో చాలా భాగం నీళ్ళు, గోదావరి తెచ్చిపోసిన ఒండ్రుమట్టి. డెల్టా అంతా వరి నాట్లు వేసుకుంటూ ఉంటే, కడియం, కడియపులంక రైతులు పూలతోటలు వేశారు. తరవాత పూలతో పాటు మొక్కలనే అమ్మడం నేర్చారు. మామిడికి అంట్లు కట్టారు. క్రోటన్లు, గులాబీలు, మందారాలు పెంచారు. చెన్నై, కలకత్తాలను కలిపే జాతీయ రహదారి గుమ్మంలోనే ఉంది గనక లారీలకెక్కించారు. పట్నంలో మనం కొనుక్కునే మందారం ఆ లారీ దిగి వచ్చిందే కావచ్చు.

ఆ మధ్య కడియపులంక వెళ్ళాను. ప్రశాంతంగా ఉంటుందనుకున్నారా? రోడ్డు మీద లారీల హారన్లు, బేరాలు, కేకలు. షేడ్ నెట్ కింద వరసగా కూర్చుని ఆడవాళ్ళు నల్లసంచుల్లో మట్టీ ఎరువూ నింపుతున్నారు. మన నిశ్శబ్దం ఇంత రొదలో తయారవుతోంది సుమండీ! పొద్దున్నుంచి ఎన్ని సంచులు నింపారో, తల ఎత్తే తీరిక లేదు వాళ్ళకు. ఇంటికెళ్ళాక వాళ్ళు మొక్కల పేరు చెప్పి తప్పించుకోవడం కుదరదు. మొక్కలే వాళ్ళ కూలి.

నేను నాలుగు సన్నజాజి మొక్కలు తీసుకున్నాను. సంచులు కడుతున్న ఆవిడ మాత్రం పని ఆపి, నా వంక చూసి చెప్పింది:

"చెంబుడూ ఒక్కసారే గుమ్మరించేయకండమ్మా. నిలబడి, ఇంకేదాకా చూసుకుంటా, కొంచెం కొంచెంగా పొయ్యాలండి."