భీమునిపట్నం: పేరు మిగిలిన రేవు

విశాఖపట్నం చూడబోయిన మనవాళ్ళు చాలామంది రామకృష్ణా బీచిలో ఓ సాయంత్రం గడిపి, మహా అయితే ఋషికొండ దాకా వెళ్ళి వెనక్కి వచ్చేస్తారు. అదే సముద్రపు రోడ్డున యింకా ముందుకు సాగితే, విశాఖకు ఈశాన్యంగా సుమారు 25 కిలోమీటర్ల దూరాన, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట భీమునిపట్నం వస్తుంది. జనం నోట అది భీమిలి. తెల్లవాళ్ళ కాగితాల్లో బిమ్లిపటాం. చూడడానికి చిన్న వూరే. కాని ఒకప్పుడు విశాఖ జిల్లాకంతకూ ముఖ్యమైన రేవు యిదే. అంత వూరు యింతగా ఎలా తగ్గిపోయిందో, అయినా దాని పేరు ఎందుకు మాసిపోలేదో మన పిల్లలు కూడా తెలుసుకోవలసిన సంగతి.

నది, కొండ, సముద్రం

గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగి, భీమిలి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. వూరిని ఆనుకుని పావురాళ్ళకొండ వుంది. దాని మీద పూర్వం బౌద్ధ భిక్షువులు నివసించారు. వాన నీళ్ళు పట్టుకోవడానికి వాళ్ళు రాతిలో తొలిచిన తొట్లు నేటికీ కనిపిస్తాయి. విశాఖ దారిలో వున్న తొట్లకొండ, బావికొండల మీద కూడా యిటువంటి ఆరామాలే వున్నాయి. డచ్చివాళ్ళు రాక ఎంతో ముందునుంచీ యీ తీరానికి రాకపోకలు వుండేవన్న మాట.

డచ్చివారి గిడ్డంగులు

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో యీ ప్రాంతం శ్రీకాకుళం ఫౌజ్‌దారు పాలన కింద వుండేది. డచ్చి కంపెనీ ముందు మచిలీపట్నంలో కాలుమోపింది. తర్వాత 17వ శతాబ్దంలోనే యిక్కడికీ వచ్చి గిడ్డంగులు కట్టుకుంది. వాళ్ళకు కావలసినవి ముఖ్యంగా బట్టలు, బియ్యం. యిక్కడి సాలెవాళ్ళు నేసిన గుడ్డ, యిక్కడి రైతు పండించిన ధాన్యం ఓడలెక్కి దూరదేశాలకు పోయేవి.

1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. ఆ తర్వాత యీ సర్కారులు నిజాం చేతికి వచ్చాయి. 1753లో నిజాం వీటిని ఫ్రెంచివారికి రాసి యిచ్చాడు. శ్రీకాకుళం ఫౌజ్‌దారు జాఫర్ అలీకి అది మింగుడుపడలేదు. ఆయన మరాఠాలను పిలిపించాడు. 1754లో ఆ దండు వచ్చి వూళ్ళు దోచింది, భీమిలిలోని డచ్చివారి స్థావరాన్నీ వదల్లేదు. తగవు పెద్దలది, దెబ్బ రేవుది! యీ వూరి చరిత్రలో యిది ఒక్కసారితో ఆగలేదు. ఐరోపాలో డచ్చివారికీ ఇంగ్లీషువారికీ యుద్ధం వచ్చినప్పుడల్లా భీమిలి చేతులు మారింది. చివరకు 1824 నాటి ఒప్పందం ప్రకారం 1825లో ఇంగ్లీషువారికి దక్కింది.

డచ్చివాళ్ళు వెళ్ళిపోయారు, వాళ్ళ సమాధులు మిగిలాయి. పైకి పోనుపోను సన్నబడే ఇటుక కట్టడాలు సముద్రానికి దగ్గర్లోనే నిలబడి వున్నాయి. ఎక్కడో పుట్టి యీ యిసుకలో కలిసిపోయిన మనుషులు! వాళ్ళ బంధువులు ఎవరూ వచ్చి దీపం పెట్టరు. వాటిని చూసుకోవలసింది వూరివాళ్ళే.

గోగునారతో వచ్చిన పేరు

భీమిలిలో ఓడలు ఒడ్డుకు ఆనేవి కావు. దూరంగా లంగరు వేసి ఆగితే, సరుకును మసూలా పడవల మీద చేరవేసేవారు. ఆ పడవలకు మేకులుండవు. పలకలను కొబ్బరి తాళ్ళతో కలిపి కుట్టేవారు. అలల దెబ్బకు మేకుల పడవ విరిగితే, కుట్టిన పడవ వంగి తట్టుకునేది. కెరటం చూసి తెడ్డు వేయగల బెస్తల నైపుణ్యం మీదే ఆ వ్యాపారమంతా నడిచింది.

నూనెగింజలు, బెల్లం, కరక్కాయ యిక్కడినుంచి పోయేవి. అన్నిటికన్నా పేరు తెచ్చింది గోగునార. మన యిళ్ళలో పచ్చడి చేసుకునే గోంగూరకు దగ్గరి చుట్టం గోగు మొక్క. దాని కాడలు నీళ్ళలో నానబెట్టి తీసిన నారను ప్రపంచ మార్కెట్లో 'బిమ్లీ జూట్' అన్నారు. భీమిలి ఎక్కడుందో తెలియని వర్తకుడు కూడా ఆ పేరుతోనే నార కొనేవాడు. దగ్గర్లో చిట్టివలసలో జనపనార మిల్లు వెలిసి, వేల కుటుంబాలకు అన్నం పెట్టింది.

మునిసిపాలిటీ, హార్బరు

1861లోనే భీమిలికి మునిసిపాలిటీ ఏర్పడింది. దేశంలోని పాత మునిసిపాలిటీలలో యిదొకటి. పెద్ద పెద్ద పట్టణాలకు ఆ ఆలోచన రాకముందే యీ చిన్న వూరు తన దీపాలు, రోడ్లు తానే చూసుకోవడం నేర్చుకుంది.

అయితే 1890లలో వేసిన రైలు మార్గం విజయనగరం నుంచి వాల్తేరుకు లోపలి దారిన పోయింది. భీమిలికి రైలు రాలేదు. 1933లో విశాఖ హార్బరు తెరిచారు. ఓడ గట్టుకు ఆనుకునే చోటు పక్కనే వుండగా, అలల మీద పడవలతో సరుకు దింపించుకునేది ఎవరు? వ్యాపారం క్రమక్రమంగా అటు తరలిపోయింది. 2009లో చిట్టివలస మిల్లు కూడా మూతపడింది. 2013లో భీమిలి మునిసిపాలిటీని మహా విశాఖ నగరపాలక సంస్థలో కలుపుతూ ఉత్తర్వు వచ్చింది.

కలపడం వల్ల మేలు లేదని చెప్పలేం. నీళ్ళూ రోడ్లూ పెద్ద సంస్థకు సులువు. కాని తన సంగతి తానే తేల్చుకునే అలవాటు పోయిన వూరికి తన చరిత్ర మీద కూడా పట్టు సడలుతుంది. యిప్పుడు సముద్రపు రోడ్డు వెంట భూమికి ధర పెరిగింది. దారిలోని ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్ళుగా గాలి, నీరు, సముద్రం కలిసి తీర్చినవి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో వాటికి చోటు దొరికింది. జాబితాలో పేరుంటే చాలదు, దిబ్బ నిలబడాలి కదా! సమాధులకూ, పడవలు లాగే ఒడ్డుకూ అదే మాట వర్తిస్తుంది.

రేవు పోయింది, మిల్లు పోయింది, మునిసిపాలిటీ పోయింది. పేరు మాత్రం నారకు అంటుకుని నిలిచింది. ఆ పేరు నిలిపింది దొరలూ కాదు, కంపెనీలూ కాదు. గోగు పండించిన రైతులు, పడవ నడిపిన బెస్తలు. యీసారి విశాఖ వెళ్ళినప్పుడు ఋషికొండ దగ్గర ఆగిపోకుండా పిల్లలను వెంటబెట్టుకుని భీమిలి దాకా వెళ్ళిరండి. యీ కథ అక్కడ నిలబడి చెప్పండి.