వైరస్ రక్షణలో వంశపారంపర్య జన్యులోపాలు

వైరస్ సోకిన కణం తనలోకి పరాయి జన్యుపదార్థం చొరబడినట్లు పసిగట్టి, ఇంటర్‌ఫెరాన్లనే ప్రొటీన్లను విడుదల చేసి, ఇరుగుపొరుగు కణాలను ముందుగా అప్రమత్తం చేస్తుంది. 1957లో లండన్‌లో అలిక్ ఐజాక్స్, జ్యాఁ లిండెన్‌మన్ గుర్తించిన ఈ ఏర్పాటుకు అవసరమైన జన్యువులలో తల్లిదండ్రుల నుండి సంక్రమించిన మార్పులు కొందరిలో ఆ రక్షణను కుంటుపరుస్తాయి. అయితే ఇటువంటి లోపం ఉన్నవారు అన్ని వైరస్‌లకూ లొంగిపోతారనుకోవడం సరికాదు. చాలా సందర్భాలలో ఒకటి రెండు వైరస్‌లకు, ఒక్కోసారి ఒకే అవయవంలో మాత్రమే, ఆ బలహీనత బయటపడుతుంది.

దీనికి బాగా పరిశోధించిన ఉదాహరణ హెర్పీస్ మెదడువాపు. పెదవులపై పొక్కులు లేపే హెర్పీస్ సింప్లెక్స్ వైరస్ లోకంలో అత్యధికుల శరీరాలలో నిద్రాణంగా ఉంటూ ఏ పెద్ద హానీ చేయకపోయినా, బహు కొద్దిమంది పిల్లలలో మాత్రం మెదడుకు పాకి ప్రాణాంతకమవుతుంది. ఈ వ్యత్యాసానికి కారణం వెదికిన జ్యాఁ-లోరాఁ కాసనోవా బృందం 2006లో యూఎన్‌సీ93బీ1 అనే జన్యువులోనూ, 2007లో టీఎల్‌ఆర్3 జన్యువులోనూ లోపాలను కనుగొన్నది. టీఎల్‌ఆర్3 అనేది వైరస్ వృద్ధి చెందేటప్పుడు ఏర్పడే జంటపోగుల ఆర్‌ఎన్‌ఏను గుర్తించే గ్రాహకం కాగా, దానిని కణంలోని తగిన అరకు చేర్చేది యూఎన్‌సీ93బీ1. రక్తకణాలకు ఇదే పనికి వేరే మార్గాలు ఉన్నందున రోగుల రక్తంలో వైరస్ విస్తరించదు. నాడీకణాలు ఈ ఒక్క మార్గంపైనే ఎక్కువగా ఆధారపడతాయి గనుక దెబ్బ మెదడుకే తగులుతుంది. అదే మార్పు ఉండి, అదే వైరస్ సోకినా ఏ జబ్బూ పడని బంధువులు ఆ కుటుంబాలలోనే ఉండడం గమనార్హం.

ఇంటర్‌ఫెరాన్ల ఉత్పత్తిని పెంచే ఐఆర్‌ఎఫ్7 జన్యువు రెండు ప్రతులూ చెడిన ఒక బాలికకు మామూలు ఫ్లూ వైరస్ ప్రాణాపాయం తెచ్చిందని 2015లో వెల్లడైంది. విడుదలైన ఇంటర్‌ఫెరాన్‌ను కణం అందుకొనే గ్రాహకమే లోపిస్తే, బలహీనపరచిన సజీవ వైరస్‌తో తయారైన తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా కూడా తీవ్రవ్యాధిగా పరిణమించవచ్చు. ఈ గ్రాహకానికి చెందిన ఐఎఫ్‌ఎన్‌ఏఆర్1 జన్యువులో ఇటువంటి మార్పు పశ్చిమ పాలినేషియాలోను, ఐఎఫ్‌ఎన్‌ఏఆర్2 మార్పు ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జాతిలోను అసాధారణంగా ఎక్కువగా ఉన్నట్లు 2022లో తేలింది. కొద్దిమంది పూర్వీకుల నుండి విస్తరించిన సమాజాలలో ఇది జరుగుతుంది. రెండు ప్రతులూ చెడితేనే బయటపడే లోపాలకు దగ్గరి సంబంధాల పెళ్లిళ్లు అవకాశం పెంచుతాయి కాబట్టి, మేనరికాలు వాడుకలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ విషయం దూరమైనది కాదు.

కోవిడ్ ఈ పరిశోధనకు కొత్త ఊపునిచ్చింది. 2020లో నెదర్లాండ్స్‌లో రెండు కుటుంబాలకు చెందిన నలుగురు ఆరోగ్యవంతులైన యువకులు తీవ్రంగా జబ్బుపడగా, వారిలో టీఎల్‌ఆర్7 అనే జన్యువులో లోపం కనిపించింది. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉండడం వల్ల ఒకే ప్రతి కలిగిన పురుషులకు లోటు పూడ్చే రెండవ ప్రతి ఉండదు. అదే సంవత్సరం ప్రాణాపాయ స్థితికి చేరిన 659 మందిని పరీక్షించగా 23 మందిలో ఇంటర్‌ఫెరాన్ మార్గపు లోపాలు దొరికాయి గాని, తరువాతి కొన్ని పరిశీలనలలో ఆ ఫలితం పునరావృతం కాలేదు.

ఇవన్నీ అరుదైన మార్పులు. వీటికి భిన్నంగా 3వ క్రోమోజోముపై సుమారు 50,000 డీఎన్‌ఏ అక్షరాల పొడవున్న ఒక ఖండం కోవిడ్ తీవ్రమయ్యే ప్రమాదాన్ని కొంతమేరకే పెంచినా, విస్తారంగా వ్యాపించి ఉంది. నియాండర్తల్ మానవుల నుండి సంక్రమించిన ఈ ఖండం ఐరోపాలో సుమారు 16 శాతం మందిలో ఉండగా, దక్షిణాసియాలో దాదాపు సగం మందిలో ఉందని హ్యూగో జెబెర్గ్, స్వాంటె పేబో 2020లో చూపారు. ఇది కలిగినవారికి హెచ్‌ఐవీ సోకే అవకాశం సుమారు 27 శాతం తక్కువని 2022లో జెబెర్గ్ ప్రకటించాడు. అయితే హెచ్‌ఐవీ మానవులలో ప్రబలినది 20వ శతాబ్దంలోనే కాబట్టి, ఈ ఖండం దక్షిణాసియాలో ఇంతగా నిలదొక్కుకోవడానికి అది కారణం కాజాలదు.