హ్రస్వదృష్టి: బడిపిల్లల కన్నులను గూర్చిన అన్వేషణ

దగ్గరి వస్తువు స్పష్టముగాను, దూరపు వస్తువు మసకగాను కనబడుటను హ్రస్వదృష్టి యందురు. ఈ దోషము గల బాలుడు నల్లబల్లపై వ్రాతను చదువలేక ప్రక్కవాని పుస్తకము చూచి వ్రాసికొనును. కన్నులు చికిలించి చూచును. ఇంటివారు దానిని పరధ్యానమనుకొందురు; ఉపాధ్యాయుడు మందబుద్ధి యనుకొనును. కళ్ళజోడు వచ్చిననాడు ఆ అపవాదు తీరును. కాని యేడాది తిరుగునప్పటికి ఆ అద్దములు చాలవు. మరింత బలమైన అద్దములు కావలసివచ్చును. ఆ పై యేడు అంతకు మించినవి. కళ్ళజోడు చూపును సరిదిద్దును గాని, దోషము పెరుగుటను నిలుపజాలదు. ఈ పెరుగుదలను మందగింపజేయు మార్గము కలదా యను ప్రశ్నకు 150 ఏండ్లకు పైబడిన చరిత్ర కలదు. ఆ చరిత్రలో నిదర్శనము కంటె ధీమా ముందుగా వచ్చిన ఘట్టములు పెక్కు. ఆ ధీమాకు మూల్యము చెల్లించినవారు పిల్లలే.

కన్ను పుట్టుకతో పూర్తిగా పెరిగియుండదు. శిశువు కన్నుగుడ్డు ముందునుండి వెనుకకు సుమారు 17 మిల్లీమీటర్లు. పెద్దవారి కన్ను సుమారు 24. ఈ పెరుగుట సరియైన హద్దులో ఆగినచో దూరపు వస్తువుల ప్రతిబింబము కంటి వెనుకనున్న నేత్రపటలముపై సూటిగా పడును. హద్దు దాటి కన్ను పొడవైనచో ప్రతిబింబము పటలమునకు ముందే యేర్పడును. ఒక్క మిల్లీమీటరు అధికముగా పెరిగిన కంటికి రెండున్నర, మూడు డయాప్టర్ల అద్దము కావలసియుండును. పెరిగిన కన్ను కళ్ళజోడు వలన తిరిగి కురుచ కాదు. మిక్కుటముగా సాగిన కంటిలో నేత్రపటలము పలుచబడి, చిరుగుటకును ఊడుటకును అవకాశము హెచ్చును. నీటికాసుల వ్యాధి భయమును హెచ్చును. కనుక ఇది కేవలము కళ్ళజోడు ఖర్చునకు సంబంధించిన విషయము కాదు. బాల్యమున మిగిల్చిన ప్రతి డయాప్టరును ముదిమిలో చూపునకు రక్షయగును.

కళ్ళజోడు చరిత్ర ప్రాచీనమైనదే. మొదట వచ్చినవి వృద్ధులు చదువుకొనుటకు పనికివచ్చు కుంభాకార కటకములు. విజయనగరమున కృష్ణదేవరాయల కాలమున వ్యాసతీర్థులవారు గ్రంథపఠనమునకు సులోచనములు ధరించినట్లు సోమనాథకవి రచించిన చరిత్రమువలన తెలియుచున్నది. దూరపుచూపునకు వలసిన పుటాకార కటకములును ఇటలీలో 15వ శతాబ్దికే వాడుకలోనికి వచ్చెను. 1462లో మిలాన్ ప్రభువు ఫ్రాన్సెస్కో స్ఫోర్జా ఫ్లారెన్స్ నగరమునుండి డజన్లకొలదిగా కళ్ళజోళ్ళు తెప్పించెను. అందు దూరపుచూపునకై యువకులు వాడునవియు కలవు. అవి యెట్లు పనిచేయునో వివరించినవాడు జోహన్నెస్ కెప్లర్. గ్రహగతులను కనుగొన్న ఆ మహనీయుడు 1604లో ప్రకటించిన గ్రంథమున, ప్రతిబింబము నేత్రపటలముపై పడుననియు, హ్రస్వదృష్టిలో కిరణములు దానికి ముందే కలిసికొనుననియు తెలిపెను. కెప్లర్ స్వయముగా హ్రస్వదృష్టి గలవాడు.

ఈ దోషము ఎవరికి వచ్చును? ఈ ప్రశ్నకు లెక్కలతో సమాధానము వెదకినవారిలో లండను నేత్రవైద్యుడు జేమ్స్ వేర్ ముఖ్యుడు. 1813లో ఆయన రెండు వర్గములను పోల్చి చూపెను. దాదాపు పదివేలమంది సైనికులలో హ్రస్వదృష్టి మిక్కిలి అరుదు. ఆక్స్‌ఫర్డులోని ఒక కళాశాలలో 127 మందిలో 32 మంది అద్దములు వాడుచుండిరి. చదువునకును ఈ దోషమునకును ఏదో చుట్టరికము కలదని అప్పుడే తోచెను.

ఆ చుట్టరికమును బడులలో నిలిపి చూచినవాడు హెర్మన్ కోన్. నాడు ప్రష్యాలోనిదై, నేడు పోలెండులో వ్రోట్స్వాఫ్ అను పేర నున్న బ్రెస్లావు నగరమున ఆయన నేత్రవైద్యుడు. 1862లో డచ్చి వైద్యుడు స్నెల్లెన్ అక్షరముల పట్టికను రూపొందించుటతో చూపును కొలుచుట సులభమైయుండెను. కోన్ 10,060 మంది పిల్లల కన్నులు పరీక్షించి, 1867లో ఫలితములు ప్రకటించెను. పల్లెబడులలో హ్రస్వదృష్టి నూటికి ఒకటిన్నరకు లోపే. పట్టణపు ప్రాథమిక పాఠశాలలలో నూటికి ఆరేడు. విశ్వవిద్యాలయమునకు పంపు ఉన్నతపాఠశాలలలో నూటికి 26. పై తరగతులకు పోయినకొలది దోషము గలవారి సంఖ్యయు, దోషపు బలమును పెరుగుచుండెను.

ఆ అంకెలు ఐరోపా నంతటిని కలవరపెట్టినవి. కోన్ బల్లలను చూచెను; అవి పిల్లల యెత్తునకు సరిపడక, వంగి వ్రాయవలసి వచ్చుచుండెను. కిటికీలను చూచెను; అవి చిన్నవి. పుస్తకములను చూచెను, అక్షరములు సన్నవి. తరగతిగదిలో వెలుగు ఎంత యున్నను ఎక్కువ కాదని ఆయన వాదించెను. క్రొత్త బల్లలు, పెద్ద కిటికీలు, స్పష్టమైన అచ్చు వచ్చుటకు ఆ వాదము దోహదమైనది. పిల్లవాని తల వంగకుండ గడ్డమునకో నుదుటికో ఆనించు కమ్మీలను గూడ కొందరు బల్లలకు బిగించిరి. ఇవన్నియు పిల్లలకు సౌకర్యమును కలిగించియుండవచ్చును. హ్రస్వదృష్టి మాత్రము తగ్గలేదు. కోన్ అంకెలలో ఆనాడు ఎవరును గట్టిగా పట్టుకొనని విషయ మొకటి కలదు. పల్లెపిల్లలు చదువుట తక్కువ మాత్రమే కాదు; ఆరుబయట నుండుట యెక్కువ. ఈ రెండింటిలో కన్నును కాచినది యేది? ఆ ప్రశ్న మరి నూరేండ్లకు పైగా నిలిచిపోయినది.

పుస్తకమే దోషియని నమ్మినవారు దాని తుదివఱకు పోయిరి. 1908లో లండనులో హ్రస్వదృష్టి మిక్కుటముగా గల పిల్లలకు ప్రత్యేక తరగతులు ఆరంభమైనవి. అక్కడ పిల్లలు వినుటచేతనే యెక్కువ నేర్చుకొనవలెను. వ్రాసినచో నల్లబల్లలపై సుద్దతో, చేయి చాచి, పెద్ద అక్షరములు వ్రాయవలెను. ఉద్దేశము మంచిదే. కాని కన్నులను కాపాడుటకై బాల్యమునుండి పుస్తకమును తొలగించుట యెంత పెద్ద దండనమో మనము ఊహింపగలము. అట్లు చేసినందున కన్ను పెరుగుట ఆగునని అప్పటికి నిరూపించినవారు లేరు.

తరువాత గాలి ఎదురు దిక్కునకు తిరిగినది. 1913లో స్విట్జర్లండు వైద్యుడు స్టైగర్ ఇది వంశపారంపర్యమైన గుణమని వాదించెను. కవలపిల్లలపై జరిగిన పరిశీలనలును ఆ వాదమునకు బలము చేకూర్చెను. తల్లిదండ్రుల కిరువురకు దోషమున్న యింట పిల్లలకు వచ్చు అవకాశము హెచ్చన్నది నిజమే. కాని అన్నియు నొసటి వ్రాతయే యైనచో వైద్యుడు చేయదగినది యేమున్నది? 20వ శతాబ్ది మధ్యభాగమున పెక్కుమంది వైద్యులు అద్దములిచ్చి ఊరకుండిరి.

ఆ నిశ్చింతను కదలించిన వార్త 1969లో అలాస్కా ఉత్తరతీరమునుండి వచ్చినది. నేడు ఉట్కియాగ్విక్ అనబడు ఆనాటి బారో గ్రామములో ఇన్యూట్ కుటుంబములను ఫ్రాన్సిస్ యంగ్ బృందము పరీక్షించినది. తాతలలో, తల్లిదండ్రులలో హ్రస్వదృష్టి దాదాపు లేదు. క్రొత్తగా బడులకు పోయిన సంతానములో సగముకంటె హెచ్చుమందికి అది కనబడినది. రక్తము ఒక్క తరములో మారదు, మారినది జీవనము.

1977లో వీజల్, రవియోలా అను శాస్త్రజ్ఞులు కోతిపిల్లల కంటిరెప్పలను మూసి కుట్టగా, ఆ కన్ను అధికముగా పొడవు పెరిగినది. 1988లో షెఫెల్ బృందము కోడిపిల్లల కన్నులకు కటకములు అమర్చగా, ఆ కటకమునకు తగినట్లే కన్ను పెరుగుటయో, నిదానించుటయో జరిగినది. కన్ను తన పెరుగుదలను తానే చూపును బట్టి సవరించుకొనునని దీనివలన తేలినది. ఇక చికిత్సకు తర్కము లభించినది. కొలుచుట ఒక్కటే మిగిలినది.

కొలుచుట మొదలైనంతనే కొన్ని పాతనమ్మకములు కూలినవి. అద్దముల బలము కొంచెము తగ్గించి యిచ్చినచో కన్ను సోమరి కాక నిలద్రొక్కుకొనునని మన యిండ్లలో నేటికిని వినబడును. 2002లో మలేషియాలో 94 మంది పిల్లలను రెండు జట్లుగా పరీక్షింపగా, తక్కువ బలము అద్దములు ధరించినవారికే దోషము వేగముగా పెరిగినది. కనుక వైద్యుడు వ్రాసిన బలము అద్దములనే పెట్టుకొనుట మేలు.

చుక్కలమందుల కథ ఇంకను పాతది. బెల్లడోనా మొక్కయందును, మన ఉమ్మెత్త యందును గల అట్రోపిన్ అను ద్రవ్యము కంటిపాపను విప్పార్చును. 19వ శతాబ్దిలోనే వైద్యులు దీనిని హ్రస్వదృష్టికి వాడి చూచిరి. దాని బలాబలములు సింగపూరులో 400 మంది పిల్లలపై జరిగిన పరీక్షవలన 2006లో తేటపడినవి. నూటికొకపాలు అట్రోపిన్ రెండేండ్లలో దోషపు పెరుగుదలను నూటికి 77 వంతులు తగ్గించినది. కాని పిల్లలు వెలుతురును సహింపలేకుండిరి. దగ్గరి అక్షరములు మసకబారినవి. మందు మానగానే దోషము ఎగబ్రాకినది. అందుచేత మందును పలుచన చేసిరి. 2019లో ప్రకటితమైన హాంకాంగు పరీక్షలో నూటికి 0.05 పాలు గల చుక్కలు ఒక యేడాదిలో పెరుగుదలను మూడింట రెండువంతులు తగ్గించినవి. ఇంకను పలుచనైన 0.01 పాలు గూర్చి మాత్రము ఏకాభిప్రాయము లేదు: 2021లో వెలువడిన మన దేశపు పరీక్షలో మేలు కనబడెను, 2023లో అమెరికా పరీక్షలో కనబడలేదు. ఇది వైద్యుని పర్యవేక్షణలో వాడవలసిన మందు. ఉమ్మెత్త పేరు వినబడినంత మాత్రాన ఇంటివైద్యమునకు దిగరాదు, ఉమ్మెత్త విషము.

కటకములలోను మార్పు వచ్చినది. నడుమ స్పష్టముగా చూపుచు, చుట్టును కన్ను పెరుగుదలను నిదానింపజేయు రీతిలో కిరణములను మలచు అద్దములు తయారైనవి. హాంకాంగులో 160 మంది పిల్లలపై రెండేండ్లు జరిగిన పరీక్షలో అట్టి కళ్ళజోడు పెరుగుదలను సగమునకు తగ్గించినట్లు 2020లో ప్రకటించిరి. కంటిపై అంటియుండు కటకములలోను ఇట్టివి కలవు. రాత్రి ధరించి ఉదయము తీసివేయునవియు కలవు. ఇవి పనిచేయును గాని, చేతుల శుభ్రత లోపించినచో కంటికి అంటురోగము సోకవచ్చును. ఖర్చును తక్కువ కాదు.

ఇక కోన్ అంకెలలో మిగిలిపోయిన ప్రశ్న. 2008లో సిడ్నీ, సింగపూరు నగరములలోని చైనా సంతతి పిల్లలను పోల్చిరి. ఆరేడేండ్ల వయస్సున సింగపూరులో నూటికి 29 మందికి హ్రస్వదృష్టి. సిడ్నీలో నూటికి ముగ్గురికే. జాతి యొక్కటే, తల్లిదండ్రుల దోషమును ఇంచుమించు సమానమే. చదువులో సిడ్నీ పిల్లలు వెనుకబడినవారు కారు. వారు వారమునకు చదివిన పుస్తకములే యెక్కువ. ప్రస్ఫుటముగా కనబడిన భేద మొకటి: సిడ్నీ పిల్లలు వారమునకు దాదాపు 14 గంటలు ఆరుబయట గడపుచుండగా, సింగపూరు పిల్లలు మూడు గంటలే గడపుచుండిరి. అనగా పుస్తకము ఒక్కటే దోషి కాదు. నాలుగు గోడలును దోషులే. తరగతిగదిలో వెలుగు సాధారణముగా 500 లక్సులకు లోపు. బయట చెట్టునీడలోనే అది వేలలో నుండును. ఆ వెలుగున నేత్రపటలము విడుదలచేయు డోపమిన్ అను ద్రవ్యము కన్ను పెరుగుటను అదుపుచేయునని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు.

ఈ భావమును చైనాలోని గ్వాంగ్జౌ నగరమున పరీక్షించిరి. పండ్రెండు పాఠశాలలలో సగమింటిలో ఒకటవ తరగతి పిల్లలకు రోజునకు 40 నిమిషములు అదనముగా బయట గడపు ఏర్పాటు గావించిరి. మూడేండ్లకు తక్కిన బడులలో నూటికి 39.5 మందికి హ్రస్వదృష్టి రాగా, ఈ బడులలో 30.4 మందికే వచ్చినట్లు 2015లో ప్రకటించిరి. ఒక్క విషయము మరువరాదు. ఆరుబయటి వెలుగు ముఖ్యముగా దోషము రాకుండ కాచును. వచ్చిన దోషమును నిదానింపజేయు శక్తి దానికి తక్కువ. వచ్చినపిదప అద్దములు, చుక్కలు కావలసినదే.

మన దేశపు స్థితి యేమి? నేడు తెలంగాణములో నున్న మహబూబ్‌నగరు జిల్లా పల్లెలలో 7 మొదలు 15 ఏండ్ల పిల్లలను పరీక్షింపగా నూటికి నలుగురికి హ్రస్వదృష్టి యున్నట్లు 2002లో వెల్లడియైనది. అదే యేడు ప్రకటితమైన ఢిల్లీ నగరపు లెక్క నూటికి ఏడు దాటినది. 2015లో ఢిల్లీ బడులనుండి వచ్చిన మరియొక లెక్కలో అది పదమూడు. పల్లెకును పట్టణమునకును నడుమ కోన్ చూచిన అంతరమే మన కన్నుల యెదుట నిలిచినది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఆరంభమైన కంటివెలుగు పథకము తొలివిడత బడిపిల్లల పరీక్షతోనే మొదలగుట దూరదృష్టి గల పని. కాని పరీక్ష దోషమును కనుగొనును. దానిని రాకుండ చేయవలసినది ఇల్లును, బడియు.

150 ఏండ్ల అన్వేషణ మనకిచ్చిన సారాంశము చిన్నదే. పిల్లవాని చేతినుండి పుస్తకము లాగుకొన నక్కరలేదు. వానిని రోజునకు గంటయో రెండు గంటలో బయటికి పంపవలెను. మన యెండలు తీవ్రమని సందేహింప నక్కరలేదు. ఉదయపు వెలుగును, సాయంకాలపు వెలుగును, వేపచెట్టు నీడయు చాలును. సూర్యుని వంక మాత్రము నేరుగా చూడరాదు. ఏడాదికొకసారి చూపు పరీక్ష చేయింపవలెను. దోషము కనబడినచో పూర్తిబలము అద్దములు పెట్టించి, మందగింపజేయు చికిత్స అవసరమా యని నేత్రవైద్యుని అడుగవలెను. ఆటస్థలము లేని బడియు, సాయంకాలము ట్యూషనులోనే ముగియు దినచర్యయు పిల్లల మార్కులను పెంచునేమో గాని, వారి కన్నుల పొడవును గూడ పెంచును. బడిని ఎన్నుకొనునప్పుడు తరగతిగదులతోపాటు ఆటస్థలమును గూడ చూచి రావలసిన బాధ్యత మనదే.