లాం మిరప రకాలు

లాం మిరప రకాలు గుంటూరు నగర సమీపమున ఉన్న లాం గ్రామములోని పరిశోధనా క్షేత్రములో రూపొందించబడిన మిరప వంగడాలు. గుంటూరు, పల్నాడు, ప్రకాశం ప్రాంతాల నల్లరేగడి నేలలలో పత్తితో పాటు మిరప ముఖ్యమైన వాణిజ్య పంట. ఈ ప్రాంతపు మిరప గుంటూరు మార్కెట్ యార్డు ద్వారా దేశ విదేశాలకు ఎగుమతి అగుచున్నది. ఇక్కడి గుంటూరు సన్నం మిరపకు భౌగోళిక గుర్తింపు కూడా లభించినది.

నేపథ్యము

మిరప అమెరికా ఖండమునకు చెందిన మొక్క. పోర్చుగీసు వర్తకుల ద్వారా ఇది భారతదేశమునకు వచ్చినది. అంతకు పూర్వము మన వంటలలో కారమునకు మిరియాలు వాడేవారు. మిరప, వంగ ఒకే కుటుంబమునకు చెందినవి, రెండింటిలోనూ 12 జతల క్రోమోజోములు ఉంటాయి. అందువలన శాస్త్రవేత్తలు ఈ రెండు పంటలను తరచు కలిపి అధ్యయనము చేస్తారు.

చరిత్ర

లాం పరిశోధనా స్థానము 1922లో స్థాపించబడినది. 1964లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయము దీనిని నిర్వహించినది. 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయము ఏర్పడిన తరువాత మిరప పరిశోధన లాంలోని ఉద్యాన పరిశోధనా స్థానము పరిధిలోనికి వచ్చినది.

ముఖ్యమైన రకాలు

* జి-4 (భాగ్యలక్ష్మి): నీటి వసతి క్రింద, వర్షాధారముగా కూడా సాగుకు అనువైనది.
* జి-5 (ఆంధ్ర జ్యోతి): కాయలు పొట్టిగా, లావుగా ఉంటాయి.
* సి.ఎ.-960 (సింధూర్): కారము తక్కువ.
* ఎల్.సి.ఎ.-206 (ప్రకాష్), ఎల్.సి.ఎ.-235 (భాస్కర్).
* ఎల్.సి.ఎ.-334: సన్నం తరహా రకము. యార్డులో దీనిని 334 అనే అంకెతోనే పిలుస్తారు.

చీడపీడలు

మిరపకు ఆకుముడత పెద్ద సమస్య. తామర పురుగుల వలన ఆకు అంచులు పైకి ముడుచుకొనుటను పై ముడత అనీ, తెల్లనల్లి వలన క్రిందికి ముడుచుకొనుటను క్రింది ముడత అనీ అంటారు. తెల్లదోమ వ్యాప్తి చేసే వైరస్ వలన వచ్చే ముడత ఈ రెండింటికీ భిన్నమైనది. 1980లలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని నాశనము చేసినది కూడా ఈ తెల్లదోమయే. అనగా ఒకే పొలిమేరలో పండే రెండు పంటలకు శత్రువు ఒక్కటే.

2021-22 పంటకాలములో కొత్త జాతి తామర పురుగు మిరపను తీవ్రముగా దెబ్బతీసినది. ఇది పూలలో చేరి వాటిని రాల్చివేయుట వలన కాయ నిలువలేదు. మందులు ఎన్నిసార్లు చల్లినా ఫలితము కనబడక పలువురు రైతులు తోటలను పీకివేశారు. తట్టుకునే రకము లేనప్పుడు పెట్టుబడి మొత్తము పురుగుమందులకే పోవునని ఈ అనుభవము చూపినది.

విత్తనము

మిరప పువ్వు తనంతట తానే ఫలదీకరణ చెందగలదు, కాని కీటకాల వలన పరపరాగ సంపర్కము కూడా ఎక్కువగా జరుగును. అందువలన మూల విత్తనోత్పత్తికి 400 మీటర్లు, ధ్రువీకరణ విత్తనమునకు 200 మీటర్లు వేర్పాటు దూరము పాటించవలెను. లాం సూటి రకాల విత్తనమును రైతు జాగ్రత్తగా తన పొలమునుండే దాచుకొనవచ్చును. సంకర రకాలకైతే ప్రతి సంవత్సరము విత్తనము కొనవలసినదే. నకిలీ విత్తనము చేతికి వచ్చినచో ఆ సంగతి పూత, కాత దశలో గాని బయటపడదు, అప్పటికి కౌలు, కూలీ ఖర్చులు అయిపోయి ఉంటాయి.

అంతర్జాతీయ పరిశోధన

ఐరోపా మొక్కల ప్రజనన సంఘము యూకార్పియా మిరప ప్రజననముపై 1971లో ఇటలీలోని టురిన్‌లో తొలి సమావేశము జరిపినది. తరువాతి సమావేశాలలో 2010 నాటిది స్పెయిన్‌లోని వలెన్సియాలో, 2013 నాటిది మరల టురిన్‌లో, 2016 నాటిది హంగేరీలోని కెచ్‌కెమెట్‌లో, 2019 నాటిది ఫ్రాన్సులోని అవిన్యోన్‌లో జరిగినవి. 2014లో మిరప జన్యుక్రమము ప్రకటించబడినది. దానికి వాడిన సి.ఎం.-334 అనే మెక్సికో రకము ఫైటోఫ్తొరా కుళ్ళు తెగులును తట్టుకొనును. ఇటువంటి నిరోధక జన్యువులను స్థానిక రకాలలోనికి తెచ్చునపుడు సన్నం కాయ రంగు, కారము, ఎండు నాణ్యత చెడకుండా చూచుట ప్రజనన శాస్త్రవేత్తల ముందున్న ముఖ్యమైన పని.