పక్కింటి టీవీకి ఎంత దూరం?

పరికరాలు వెదజల్లే రేడియో రొదను కొలిచే ల్యాబ్‌లో చేరిన కొత్తలో మా సీనియర్ నా చేతికి టేపు ఇచ్చి, "యాంటెన్నాను మూడు మీటర్ల దగ్గర పెట్టవోయ్" అన్నారు. మూడే ఎందుకండీ అంటే, "పక్కింటివాళ్ల టీవీ చెడకుండా" అని నవ్వారు. వేళాకోళమనుకున్నాను.

తర్వాత తెలిసింది, ఈ కొలతల వెనకున్నదంతా ఇరుగుపొరుగు తగవేనని. రేడియోల్లో గరగరలు ఆపే దారి వెతకడానికి 1934లో ప్యారిస్‌లో సిస్పర్ అనే అంతర్జాతీయ కమిటీ మొదలైంది. అసలు గొడవ ఇళ్లలోకి కంప్యూటర్లు వచ్చాక ముదిరింది. టీఆర్‌ఎస్-80 అనే ఇంటి కంప్యూటర్ మొదటి మోడల్ ఎంత రొద చేసేదంటే, పక్కన ఏఎం రేడియో పెట్టుకుని ఆటల చప్పుళ్లు అందులోనే వినేవారు! 1979లో అమెరికా సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధనలు తెచ్చింది: ఇంటి పరికరాలను 3 మీటర్ల దగ్గర, ఆఫీసు, ఫ్యాక్టరీవాటిని 30 మీటర్ల దగ్గర కొలవాలి. ఆ మోడల్ కథ అంతటితో ముగిసింది.

30 మీటర్లంటే మాటలా? చుట్టూ అడ్డులేని 60 మీటర్ల పొడవు, 52 మీటర్ల వెడల్పు మైదానం కావాలి. పైగా అంత దూరంలో పరికరం గొంతు ఎఫ్‌ఎం స్టేషన్ల హోరులో వినబడదు. అందుకే తర్వాత 10 మీటర్లకు దించి, మీటరుకు 30 మైక్రోవోల్టులున్న రొద పరిమితిని 90 చేశారు. దూరం మూడోవంతైతే బలం మూడింతలు, అంతే లెక్క.

ఆ లెక్కే ఓసారి మా కొంప ముంచింది. ఓ చిన్న కంపెనీ పెట్టె 3 మీటర్ల దగ్గర 40 మెగాహెర్ట్జ్ వద్ద రెండు డెసిబెల్స్ తేడాతో ఫెయిలైంది. యజమాని నాలుగు వారాలు రొదను అణిచే ఫెర్రైట్లు, రేకులు మార్చి మార్చి విసిగిపోయాడు. చివరికి మొదటి పెట్టెనే 10 మీటర్ల సైట్‌కు తీసుకెళ్తే, అరడెసిబెల్ తేడాతో పాసైంది! యాంటెన్నాను అడ్డంగా పెట్టినప్పుడు నేల మీంచి తిరిగొచ్చే తరంగం తలకిందులై వస్తుంది. దూరం పెరిగేకొద్దీ అది సూటిగా వచ్చేదాన్ని మరింతగా మింగేస్తుంది. 10 మీటర్ల పరిమితిని 3 మీటర్లకు మార్చడానికి మేం చేసిన 10.5 డెసిబెల్స్ కూడికలో ఆ సంగతి లేదు. ఆయన తిట్టిన తిట్లకు నా దగ్గర జవాబూ లేదు.

మీ చేతికి టెస్టు రిపోర్టు వస్తే, పాసా ఫెయిలా అని చూసేముందు యాంటెన్నా ఎక్కడ నిలబెట్టారో చూడండి. "10 మీటర్లకు లెక్కగట్టినది" అని ఉంటే, అసలు కొలిచింది ఎంత దూరంలోనో అడగండి.