పాయింటు ఎక్కడ ఖర్చు పెట్టాలి?: బదిలీల మాటలకు వ్యాఖ్యానం

అమెరికా పడమటి రాష్ట్రాల్లో ఎల్క్ అని మన కణుజు లాంటి పెద్ద దుప్పి ఉంది. దాన్ని మంచి అడవిలో వేటాడాలంటే తుపాకీ ఉంటే చాలదు, డ్రాలో పేరు రావాలి. కొలరాడోలో పేరు రాని ఏడాదికి ఒక పాయింటు జమ చేస్తారు. కోరుకున్న అడవికి పేరు వచ్చిందంటే కూడబెట్టిందంతా ఒక్క దెబ్బకు సున్నా. అందుకే అక్కడి వేటగాళ్లకు ఏటా అదే తర్జనభర్జన: ఉన్న పాయింట్లతో ఓ మోస్తరు అడవికి పోదామా, ఇంకో ఐదేళ్లు ఆగి గొప్ప అడవికి పోదామా?

కడప జిల్లాలో ఆ వేట లేదు గానీ ఆ తర్జనభర్జన ఉంది. బదిలీల షెడ్యూలు వచ్చిన వారం ప్రొద్దుటూరులో ఏ నెట్ సెంటరు ముందు నిలబడినా వినబడుతుంది. ఇక్కడ పాయింట్లు కూడబెట్టేది బడిపంతుళ్లు. గతంలో బదిలీలు జరిగినప్పుడల్లా ఓ కొత్త జీవో వచ్చేది. 2025లో ప్రభుత్వం ఏకంగా చట్టమే చేసింది. ఆ పాయింట్ల లెక్కలోని మాటలను ఒక్కొక్కటే విప్పి చూద్దాం.

స్టేషన్. టీచర్ల భాషలో పనిచేసే బడి ఉన్న ఊరు. ‘ఏ స్టేషన్ సార్ మీది?’ అని అడిగితే రైలు గురించి కాదు. ఆ ప్రశ్న వెనుక ఇంకో మూడు ప్రశ్నలుంటాయి: బస్సుందా, కాపురమక్కడేనా, అప్ అండ్ డౌనా?

కేటగిరీ. ఊళ్లను నాలుగు మెట్లుగా కట్టారు. మెట్టుకు కొలత ఇంటి అద్దె భత్యం, అంటే హెచ్‌ఆర్‌ఏ. భత్యం ఎక్కువున్న ఊరు సుఖమైన ఊరని, తక్కువున్నది కష్టమైనదని లెక్క. అన్నిటికంటే అడుగున నాలుగో కేటగిరీ, సరైన దారి కూడా లేని ఊళ్లకు. 2022 వేతన సవరణలో 50 వేల లోపు జనాభాకు 10 శాతం, 2 లక్షల లోపు 12 శాతం అన్నారు. 2011 జనగణనలో ప్రొద్దుటూరు లక్షన్నర దాటింది, పులివెందుల 60 వేలు దాటింది, జమ్మలమడుగు 50 వేలకు ఇవతలే ఆగింది. కాబట్టి ‘టౌను’ అన్న మాట నోటికి ఒకటే అయినా, తలకాయలు లెక్కపెడితే జమ్మలమడుగు తక్కిన రెంటి సరసన నిలవదు. ఊరి పేరు చూసి ఆశపడేవాళ్లు ముందు జాబితాలో దాని మెట్టు చూసుకోవాలి.

స్టేషన్ పాయింట్లు. మొదటి కేటగిరీలో ఏడాదికి 1, రెండో దాంట్లో 2, మూడో దాంట్లో 3, నాలుగో దాంట్లో 5. ఈ అంకెలు కాగితం మీద పొడిగా కనిపిస్తాయి. పెద్దముడియం వైపు నల్లరేగడి దారిలో వానాకాలం పొద్దున బండి తోలినవాళ్లను అడగండి. మడ్‌గార్డు కింద మట్టి ముద్దగా పట్టి చక్రం బిగుసుకుపోతుంది. దిగి, చెప్పులు చేతబట్టి, కంపపుల్లతో గీకి, నాలుగడుగులు తోసి, మళ్లీ గీకాలి. ప్రేయర్ బెల్లు లోపల బడికి చేరాలి. ఏడాదికి ఐదు పాయింట్లు ఆ గీకుడుకే.

సర్వీస్ పాయింట్లు. మొత్తం ఉద్యోగంలో ఏడాదికి అర పాయింటు. అర అని తీసిపారేయకూడదు. ఒక లెక్క వేసి చూద్దాం. మూడో కేటగిరీ పల్లెలో ఎనిమిదేళ్లు, మొత్తం సర్వీసు పదహారేళ్లు: 24, 8 కలిపి 32. రెండో కేటగిరీ టౌనులో ఎనిమిదేళ్లు, మొత్తం సర్వీసు ఇరవై ఏళ్లు: 16, 10 కలిపి 26. నాలుగేళ్లు సీనియరయినా టౌను టీచరు ఆరు పాయింట్లు వెనకబడ్డాడు.

స్పౌజ్. భార్యాభర్తలిద్దరూ ప్రభుత్వ ఉద్యోగులైతే 5 పాయింట్లు. పై లెక్కలోని టౌను టీచరు ఇవి కలుపుకున్నా 31 దగ్గరే ఆగిపోతాడు, పల్లె టీచరుకు ఒక్క పాయింటు వెనక. పైగా ఈ ఐదూ ఊరికే రావు. దంపతుల్లో ఒక్కరే, ఎనిమిదేళ్లకు ఒక్కసారే వాడుకోవాలి. వాడినట్టు ఇద్దరి సర్వీసు రిజిస్టర్లలోనూ రాస్తారు. వాడుకున్నవారు రెండోవారు పనిచేసే చోటికి దగ్గరగానే కోరుకోవాలి. ఆయన పులివెందుల, ఆమె ప్రొద్దుటూరు అనుకోండి. నడిమధ్య ముద్దనూరులో కాపురం పెడదామని చాలామంది ఇంట్లో మాట వస్తుంది. ఆ ఏర్పాటుకు ఈ పాయింట్లు అక్కరకు రావు; ఎవరో ఒకరు ఇంకొకరి దగ్గరికి పోవాల్సిందే. ఆ నిర్ణయం నెట్ సెంటరులో జరిగేది కాదు, ఇంట్లో జరగాలి.

ప్రిఫరెన్షియల్. ఇక్కడ పాయింట్ల పోటీ ఉండదు. వితంతువులు, డెబ్బై శాతానికి తగ్గని వైకల్యం, క్యాన్సర్, గుండె ఆపరేషన్, మూత్రపిండం మార్పిడి వంటివి ఉన్నవారు వరుసలో ముందుంటారు. ఇదీ మళ్లీ మళ్లీ అందేది కాదు. కాబట్టి వాడేవాళ్లు ఊరిని కాకుండా ఆస్పత్రిని చూసి కోరుకోవడం మేలు.

లాంగ్ స్టాండింగ్. ఒకే బడిలో టీచరు ఎనిమిది విద్యా సంవత్సరాలు, హెడ్మాస్టరు ఐదు పూర్తిచేస్తే కదలాల్సిందే. వేటగాడికీ మనకూ తేడా ఇక్కడే. అతను ముసలివాడయ్యేదాకా పాయింట్లు దాచుకోవచ్చు. అక్కడ అందరూ దాచుకుంటూ పోయేసరికి మంచి అడవికి కావలసిన పాయింట్లు ఏటా పెరుగుతూ పోయి, ఎంత ఆగినా అందని పరిస్థితి వచ్చింది. మన చట్టం ఆ ఆశకు ఎనిమిదో ఏట తాళం వేస్తుంది. ఆరో ఏడు ఓ మాదిరి ఊరు ఖాళీ అయితే పోదామా, ఎనిమిది నిండేదాకా ఉండి మంచి ఊరికి గురిపెడదామా అన్నదే మిగిలిన ప్రశ్న. ఆగిన రెండేళ్లకు మూడో కేటగిరీ పల్లెలో ఏడు పాయింట్లు పెరుగుతాయి. కానీ ఆ ఏడు అలాంటి పల్లెల్లోని మన తోటివాళ్లందరికీ పెరుగుతాయి.

ఖాళీ. ముఖ్యంగా మూడు రకాలు: ముందే ఉన్నవి, లాంగ్ స్టాండింగ్ వాళ్లు కదిలితే వచ్చేవి, కౌన్సెలింగ్ నడుస్తుండగా ఒకరు లేస్తే ఇంకొకరికి తెరుచుకునేవి. మూడోవి జాబితాలో ముందు కనబడవు. అందుకే ‘ఆ బడి ఖాళీ లేదు కదా’ అని ఆప్షన్ పెట్టకపోవడం తరచూ జరిగే పొరపాటు.

రేషనలైజేషన్. పిల్లలు తగ్గిన బడి నుంచి పోస్టు తీసి, పెరిగిన బడికి ఇవ్వడం. టౌను అంచున ప్రైవేటు స్కూలు బస్సులు తిరిగే చోట సర్కారు బడిలో పేర్లు ఏటా తగ్గుతుంటాయి. ముప్పై పైచిలుకు పాయింట్లు పోసి అలాంటి బడి కొనుక్కుంటే, రెండేళ్లకు మిగులు పోస్టని తేలిందంటే మళ్లీ సంచి సర్దుకోవాలి. ఆ వేటు సాధారణంగా బడిలో జూనియర్ మీదే. హాజరు పట్టీలో ఎందరున్నారో, ఒకటో తరగతిలో ఈ ఏడాది ఎందరు చేరారో అడిగి తెలుసుకున్నాకే ఆప్షన్.

ఆప్షన్. కోరిన ఊళ్ల వరుస. కంప్యూటరు పైనుంచి చూసుకుంటూ వస్తుంది. ఎవరి పాయింట్లకు ఏది అందితే అక్కడ ఆపేస్తుంది. కాబట్టి ‘వస్తుందా రాదా’ అని లెక్కగట్టి వరుస మార్చడం దండగ. నిజంగా ఎక్కువ కావలసింది పైన రాయాలి. లాంగ్ స్టాండింగ్ వాళ్లు నాలుగు టౌన్లు పెట్టి ఊరుకుంటే, మిగిలిపోయిన మూడో నాలుగో కేటగిరీ ఊళ్లు వాళ్ల నెత్తిన పడతాయి. తెర మీద వందల బడుల పేర్లు వరుసగా నొక్కలేక 2025లో సెకండరీ గ్రేడ్ టీచర్లు పట్టుబడితే, వాళ్లకు ఎదుటే పిలిచి ఊరు ఎంచుకోమనే మాన్యువల్ కౌన్సెలింగ్ ఇచ్చారు.

నాకు తెలిసిన మాస్టారు ఒకాయన నెట్ సెంటరుకు నలభై పేజీల లాంగ్ నోట్‌బుక్‌తో వచ్చాడు. ప్రతి బడికీ ఒక గీత: పిల్లలెందరు, దూరమెంత, చివర్లో బస్సు టైము.

‘ప్రొద్దుటూరే వస్తాది గదా సార్, రాజుపాలెం మొదుట పెట్నారేం?’ అన్నాడు పక్కనున్న కుర్ర టీచరు.

‘మా అమ్మ ఉండేది ఆడనే నాయనా. ప్రొద్దుటూరొస్తే పాయింట్లకు మంచి రేటు పలికినట్టే. ఎనిమిదేండ్లు అమ్మనెవురు చూస్తారు?’

రిలీవింగ్, జాయినింగ్. పాత బడిలో సంతకం, కొత్త బడిలో సంతకం. మధ్యలో స్టేషన్ పాయింట్లన్నీ సున్నా అవుతాయి. సర్వీసు అరలు మాత్రం వెంట వస్తాయి. పాయింట్లు కొన్నది వరుసలో చోటును. ఊరితో కాపురం అక్కడి నుంచే మొదలు. అందుకే ఆప్షన్ పెట్టేటప్పుడు గడిచిన ఎనిమిదేళ్లకు ఏం గిట్టుబాటైందని చూసుకునేవాడికంటే, రాబోయే ఎనిమిదేళ్లు రోజూ ఎన్నింటికి ఇల్లు చేరతానని చూసుకునేవాడు బాగుపడతాడు. మాస్టారి నోట్‌బుక్‌లో ప్రతి గీత చివరా బస్సు టైము ఉన్నది దానికే.