మొద్దు గాదు, బొక్క!

పొద్దుటి నుంచి తేలినవన్నీ మొద్దులే. ఎప్పుడో కూలి, మట్టిలో పూడి, రాయిగా మారిపోయిన చెట్టు మొద్దులు. అందుకే గడ్డపారకు తగిలిన ఈ కొత్తదాన్నీ ఎవరూ పట్టించుకోలేదు.

“ఇది గూడ మొద్దేనా మామా?”

“ఏడ మొద్దురా! గీ కొస జూడు, తొంటి గుండు లెక్క లేదా? మొద్దు గాదు, బొక్క!”

“గింత బొక్కా? ఏనుగుదా?”

“దీని ముంగట ఏనుగెంతరా, మేకపిల్ల!”

మాటలు నేను అల్లినవి. చోటు, కాలం, బొక్క మాత్రం నిజం. ప్రాణహిత లోయలోని పోచంపల్లి, 1961. చీరల పోచంపల్లి కాదు, ఇది వేరే ఊరు. ఇక్కడ మొదటి ఎముకలు 1958లోనే కంటబడ్డాయి.

తవ్విస్తున్నది కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. గణాంకాల సంస్థకు బొక్కలతో ఏం పనని అప్పుడూ అడిగే ఉంటారు. దాన్ని నెలకొల్పిన మహలనోబిస్‌కు ఏ శాస్త్రమూ పరాయిది కాదు. ఆయన పిలుపు మీద లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే పురాజీవ శాస్త్రవేత్త 1957లో వచ్చి, కుర్రాళ్లను తయారుచేసి ఈ లోయ పట్టించింది.

ఈ లోయే ఎందుకంటే, ఇక్కడ చరిత్ర చదవడానికి బావి తవ్వక్కర్లేదు, నడిస్తే చాలు. రాతి పొరలు ఇంటిమీది పెంకుల్లా ఒకదానిమీదొకటి ఎక్కి ఈశాన్యానికి వాలి ఉన్నాయి. సింగరేణి బొగ్గు దగ్గర బయలుదేరితే కాళ్లకింద పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన చిత్తడి అడవి. ప్రాణహిత వైపు సాగేకొద్దీ పొర మారుతుంది, కాలం మనవైపు జరుగుతుంది. బొగ్గు పోయి ఎర్రమన్ను వస్తుంది, చివరికి సున్నపురాయి. ఆ పొరల పేర్లు వినండి: యర్రపల్లి, భీమారం, మలేరి, ధర్మారం, కోట. బస్సు కండక్టరు కేకల్లా లేవూ? ప్రపంచంలో ఎక్కడి భూగర్భ శాస్త్రవేత్తయినా ఈ పొరల గురించి రాయాలంటే మన పల్లెల పేర్లే రాయాలి.

సరే, వరస తెలిసింది. వయసో? మన్ను తన వయసు చెప్పదు, అందులో దొరికిన దవడ చెబుతుంది. మలేరి ఎర్రమట్టిలో చిలకముక్కు లాంటి మూతి ఉన్న ఒక సరీసృపం దొరికింది. దాని దగ్గరి చుట్టం స్కాట్లండ్‌లో ఎల్గిన్ రాళ్లలో ఉంది. దానికి 1859లో హైపరోడపెడాన్ అని పేరు పెట్టిన బ్రిటిష్ శాస్త్రవేత్త హక్స్‌లీయే, మలేరిదీ అదే జాతని పదేళ్ల తర్వాత పోల్చాడు. చుట్టాలు ఒక కాలం వాళ్లయితే, వాళ్లు పడుకున్న మన్నూ ఒక కాలందే. స్కాట్లండ్ రాతికీ మలేరి మట్టికీ అలా లంకె కుదిరింది. ఆ రెండూ ట్రయాసిక్ కాలానివి, ఇరవై కోట్ల ఏళ్లకు పైమాటే.

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం మలేరిలోనే దొరికిన మరో దృశ్యం. మొసలిలాంటి పారాసూకస్‌లు రెండు, పక్కపక్కనే, దాదాపు చెక్కుచెదరకుండా. వాటి కడుపుల్లో చిన్న బల్లిలాంటి జంతువులు. ఆఖరి భోజనం అరగకముందే ప్రాణం పోయిందన్నమాట. ఏం ముంచుకొచ్చిందో! కడుపులోని ఆ జీవికి మలేరిసారస్ రాబిన్సనే అని పేరు పెట్టారు. ఊరి పేరూ, పమేలా పేరూ ఒకే బల్లికి.

మళ్లీ పోచంపల్లికి వద్దాం. ఇది కోట పొర, మలేరి కన్నా పైది, జురాసిక్ కాలానిది. 276 చదరపు మీటర్లలో, అంటే మన లెక్కలో 330 గజాల ఇంటి స్థలంలో, దాదాపు 300 ఎముకలు తేలాయి. కనీసం ఆరు జంతువులవి. కొన్ని కీళ్లు వీడలేదు, ఎక్కువ చెదిరిపోయాయి. మధ్యమధ్య ఆ మొద్దులు. ఒంటరిగా మొద్దు దొరికితే అడవి ఉండేదంటాం. బొక్కలతో కలగలిసి దొరికితే ఏరు గుర్తుకొస్తుంది. వాగు పొంగినప్పుడు వంతెన కానాకు చెట్లూ గొడ్లూ కలిసి అడ్డం పడటం చూసినవాళ్లకు దీన్ని విప్పి చెప్పక్కర్లేదు.

మీటరు దాటిన ఆ తొడ ఎముకను చూసి తవ్వకం దగ్గరే దాన్ని ‘బడా పా’, పెద్ద కాలు, అనడం మొదలుపెట్టారట. 1975లో శాస్త్రవేత్తలు ఆ మాటనే లాటిన్‌లోకి ఎక్కించి బరపాసారస్ టాగోరై అన్నారు. 1961 రవీంద్రుడి శతజయంతి మరి. కవిగారి పేరూ తవ్వకం దగ్గరి మాటా ఒకే డైనోసారుకు అతికాయి.

ఈ కోట పొరలోనే తర్వాత యామన్‌పల్లి దగ్గర ఇంకో పెద్ద డైనోసారు బయటపడింది. అది కోటాసారస్, ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. బరపాసారస్ కలకత్తాలో, ఆ సంస్థ మ్యూజియంలోనే ఉంది.

చూడబోతే ముందు కాలు చూడండి, పేరు దానిదే కనుక. తర్వాత తలెత్తండి. పోచంపల్లి తవ్వకంలో పుర్రె దొరకలేదు, విడిగా కొన్ని పళ్లు దొరికాయంతే. అక్కడ మీకు కనిపించే తల మనుషులు చేసి తగిలించింది.